ఇంగ్లీషు విక్షనరీలో ‘గెట్’ పేజీ: లిథువేనియన్ వాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

విక్షనరీ అంటే వికీపీడియా లాగా ఎవరైనా సవరించగల ఇంటర్నెట్ నిఘంటువు. దాని ఇంగ్లీషు రూపం 2002 డిసెంబరు 12న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనల గోల లేదు, మామూలు ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. అందులో ‘గెట్’ క్రియకున్న పేజీని యూరప్‌లోని లిథువేనియా దేశపు భాష లిథువేనియన్ మాతృభాషగా ఉన్నవాళ్ల వైపు నుంచి చూసి రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంగ్లీషు వాక్యం ఎదురైనప్పుడు అర్థం పట్టుకోవడానికి ఈ పేజీ చాలా మంచిది. లిథువేనియన్‌లో అనుకున్న మాటను ఇంగ్లీషులో చెప్పబోయేసరికి మాత్రం దీని సాయం సగంలో ఆగిపోతుంది. ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరకు కారణం తప్పులు కాదు, చెప్పకుండా వదిలేసిన సంగతులు.

తెలుగువాళ్లకు దీంతో పనేముందని అడగవచ్చు. లిథువేనియాలోని కౌనస్, విల్నియస్ నగరాల విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు చదువుతున్నారు, పక్క బెంచీలో లిథువేనియన్ స్నేహితులు ఉంటారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. లిథువేనియన్ వాళ్లు ‘గెట్’ దగ్గర తడబడే చోట్లు చాలావరకు మనం తడబడే చోట్లే. కొన్నిచోట్ల మాత్రం తెలుగు మనకు ఇచ్చిన సౌకర్యం వాళ్లకు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ క్రియ ఇంకా బాగా అర్థమవుతుంది.

ముందు అసలు చిక్కు చూద్దాం. లిథువేనియన్‌లో ‘గెట్’ అనగానే ముందు తట్టే మాట గౌతి. ఆ భాషలో ఏ క్రియనైనా మూడు రూపాలతో గుర్తుపెట్టుకోవాలి: గౌతి, గౌన, గవో. అంటే పొందడం, పొందుతాడు, పొందాడు. ఉత్తరం, జీతం, ఉద్యోగం, అనుమతి వంటివి వచ్చినప్పుడు గౌతి చక్కగా అతుకుతుంది. ‘నాకు ఉత్తరం వచ్చింది’ అనాలంటే గవౌ లైష్కా అంటారు. తిట్లు తిన్నా ఇదే మాట: గౌతి వెల్న్యూ. అక్షరాలా చూస్తే ‘దయ్యాల్ని పొందడం’, మన చీవాట్లు తినడం. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత తడవడం, అలసిపోవడం, బస్సెక్కడం, ఇల్లు చేరడం, అర్థం కావడం, పెళ్లి చేసుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, వీటిలో ఒక్కదానికీ గౌతి పనికిరాదు. ఇంగ్లీషు అన్నింటికీ ‘గెట్’ వాడేస్తుంది. లిథువేనియన్ ఒక్కోదానికి ఒక్కో క్రియ పెట్టుకుంది.

పేజీ తెరిస్తే మొదట మాట పుట్టుక కనిపిస్తుంది. ‘గెట్’ ప్రాచీన నార్స్‌లోని గెతా నుంచి, అంటే వైకింగుల నోటి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందని చెబుతుంది. తర్వాత రూపాలు: గెట్, గాట్, మూడో రూపంగా బ్రిటన్‌లో గాట్, అమెరికాలో గాటెన్. ఆ కింద అర్థాల వరుస. సంపాదించడం, అందుకోవడం, తెచ్చిపెట్టడం, అవడం, అయ్యేలా చేయడం, చేరుకోవడం, అర్థం చేసుకోవడం, ఫోనెత్తడం, జబ్బు తగులుకోవడం, కర్మణి ప్రయోగం, ఇలా సాగుతుంది. చాలా అర్థాల పక్కన చిన్న గుర్తు ఉంటుంది: సకర్మకం, అకర్మకం, కాపులేటివ్ (కర్తను విశేషణంతో కలిపేది) అని. చాలామంది ఈ గుర్తుల్ని చూడకుండా దాటేస్తారు. నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికన్నా విలువైనవి అవే. ‘గెట్’ అర్థాన్ని తేల్చేది దాని వెనక వచ్చే మాట. ఆ సంగతి ఈ గుర్తుల్లోనే ఉంది.

వెనక నామవాచకం వస్తే పొందడం, కొనడం, తేవడం, ఈ మూడింటిలో ఒకటి. ‘ఐ గాట్ ఎ న్యూ ఫోన్’ అన్న వాక్యాన్ని లిథువేనియన్‌లో గవౌ అని పెడితే ఎవరో ఇచ్చారని వినిపిస్తుంది. డబ్బు పెట్టి కొంటే నుసిపిర్కౌ అనాలి. ‘గెట్ మీ సమ్ వాటర్’ అయితే అత్నెష్క్ మన్ వందెన్స్, అంటే నాకు కాసిని నీళ్లు తెచ్చిపెట్టు. పేజీ ఈ మూడింటినీ విడివిడి అర్థాలుగానే చూపుతుంది. ఈ భాగానికి పూర్తి మార్కులు.

వెనక విశేషణం వస్తే అవడం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది, పేజీ చేతులెత్తేసేదీ ఇక్కడే. ‘అవడం’ అన్న అర్థానికి లిథువేనియన్‌లో నేరుగా ఉన్న మాట తప్తి. డాక్టరు కావడం, మంత్రి కావడం వంటి వాటికి తప్తి సరిగ్గా సరిపోతుంది. కానీ ఇంగ్లీషులో ఆ చోట ‘గెట్’ రాదు, ‘బికమ్’ వస్తుంది. ‘హీ గాట్ ఎ డాక్టర్’ అంటే వాడు డాక్టరయ్యాడని కాదు, వాడికి డాక్టరు దొరికాడని. ఇక తడిసిపోవడం, అలసిపోవడం, జబ్బు పడడం వంటి వాటికి లిథువేనియన్‌లో తప్తి అక్కర్లేదు. ఆ పని క్రియ ముందు చేరే ఉపసర్గ చేసేస్తుంది. ష్లపౌ అంటే తడుస్తూ ఉన్నాను, సుష్లపౌ అంటే తడిసిపోయాను. సిర్గౌ అంటే జబ్బుతో ఉన్నాను, సుసిర్గౌ అంటే జబ్బు పడ్డాను. పీకో అంటే కోపంగా ఉన్నాడు, సుపీకో అంటే కోపం తెచ్చుకున్నాడు.

తెలుగువాడికి ఇది వెంటనే ఎక్కుతుంది. మనం క్రియ చివర ‘పోవు’ తగిలించి చేసే పనిని వాళ్లు క్రియ ముందు ‘సు’, ‘ప’ వంటివి తగిలించి చేస్తారు. తడిశాను, తడిసిపోయాను అన్న రెండింటి మధ్య తేడా చెవికి పట్టినవాడికి సుష్లపౌ కొత్తేమీ కాదు. దీన్నుంచి లిథువేనియన్ విద్యార్థికి పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. మనసులో వచ్చిన భూతకాల క్రియకు ఉపసర్గ ఉంటే ఇంగ్లీషులో ‘గాట్’ పెట్టాలి. లేకపోతే ‘వాజ్’ గానీ ‘వాజ్ గెటింగ్’ గానీ పెట్టాలి. సిర్గౌ అనిపిస్తే ‘ఐ వాజ్ ఇల్’, సుసిర్గౌ అనిపిస్తే ‘ఐ గాట్ ఇల్’. అన్ని క్రియలకూ ఇది అచ్చంగా సరిపోదు. వర్గౌ అంటే కష్టాలు పడ్డాను, పవర్గౌ అంటే అలసిపోయాను, ఉపసర్గతో అర్థమే మారిపోయింది. అయినా రోజువారీ మాటల్లో చాలాచోట్ల గట్టెక్కిస్తుంది. పేజీలో ఈ సూత్రం లేదు, ఉండే వీలూ లేదు. అనువాద పట్టిక పద్ధతి ఒక అర్థానికి ఒక మాట ఇవ్వడం. ‘గెట్’ ప్లస్ విశేషణం అన్న మొత్తం గంపకు లిథువేనియన్‌లో ఒక్క మాట లేదు, విశేషణానికొక క్రియ ఉంది.

చీకటి పడడం గురించి ఒక్క మాట. ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అన్న నాలుగు మాటలకు లిథువేనియన్‌లో ఒక్కటే మాట: తెమ్‌స్త. కర్త లేదు, ‘అది’ లేదు. అందుకే వాళ్లు ఇంగ్లీషులో ‘ఇట్’ మింగేస్తుంటారు. ‘చీకటి పడుతోంది’ అనే మనమూ అంతే.

అనువాద పట్టికల సంగతికి వద్దాం. అవి పేజీలో కింద ముడుచుకుని ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. భాషలు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి లిథువేనియన్ కోసం లాట్వియన్ దాటి కిందికి రావాలి. పట్టికలోనే కావలసిన భాషను ఎంచుకుంటే ఆ భాష మాట పైన కనబడేలా పెట్టుకోవచ్చు. ఈ పని మొదటిరోజే చేసుకుంటే ప్రతిసారీ వెతుకులాట తప్పుతుంది. కొన్ని అర్థాలకు లిథువేనియన్ మాట ఉంటుంది, కొన్నింటికి ఉండదు. రాసేది స్వచ్ఛంద సేవకులు, లిథువేనియా జనాభా 30 లక్షల లోపు, కాబట్టి ఇది తప్పు పట్టాల్సిన విషయం కాదు. కానీ ఖాళీగా ఉన్నచోట ‘మా భాషలో ఈ అర్థం లేదు’ అని విద్యార్థి అనుకునే ప్రమాదముంది. ఖాళీ అంటే ఎవరూ నింపలేదనే, అంతకుమించి ఏమీ కాదు.

పట్టికలో దొరికిన లిథువేనియన్ మాటను నొక్కితే దాని సొంత పేజీకి వెళతాం. అక్కడ స్వర గుర్తులతో సహా మూడు ముఖ్యరూపాలు, రూపాల పట్టిక ఉంటాయి. లిథువేనియన్ నేర్చుకునే మనవాళ్లకు ఇది బంగారం. ఆ భాషలో మాట ఎక్కడ ఒత్తి పలకాలో మామూలు రాతలో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది.

వెనక చోటు పేరు వస్తే చేరుకోవడం. ‘ఐ గాట్ హోమ్ ఎట్ సిక్స్’ అన్న వాక్యాన్ని లిథువేనియన్‌లో పెట్టాలంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: నడిచా, బండిమీదా? నడిచి వస్తే పరేయౌ నమో, బండిలో వస్తే పర్వజ్యవౌ నమో. ఇక్కడ ‘పర్’ అంటే ఇంటివైపు, ‘నమో’ అంటే ఇంటికి. ఇంగ్లీషు ఈ వివరాన్ని పట్టించుకోదు. లిథువేనియన్ వాళ్లు దాన్ని వదులుకోలేక ‘కేమ్ ఆన్ ఫుట్’, ‘డ్రోవ్ హోమ్’ అని ఎప్పుడూ విడమరిచి చెబుతుంటారు. తప్పు కాదు గానీ, ‘గాట్ హోమ్’ అన్న రెండు మాటలు వాడడం అలవాటైతే వాక్యం తేలికపడుతుంది. వాళ్లకు చెప్పాల్సిందల్లా, చేరడం ముఖ్యమై ఎలా చేరామన్నది అక్కర్లేనప్పుడు ‘గెట్’ పెట్టమని.

బస్సు విషయం ఇంకా బాగుంటుంది. లిథువేనియన్‌లో బస్సు ఎక్కడం ఈలిప్తి, దిగడం ఇష్లిప్తి. ‘ఈ’ అంటే లోపలికి, ‘ఇష్’ అంటే బయటికి. వాక్యంలో అదే మాట మళ్లీ విడిగా వస్తుంది: ఈలిపో ఈ ఔతోబుసా, ఇష్లిపో ఇష్ ఔతోబుసో. అందుకే వాళ్ల ఇంగ్లీషులో ‘గెట్ ఇన్ ద బస్’, ‘గెట్ అవుట్ ఆఫ్ ద బస్’ అని వస్తాయి. మనం ‘దిగు’ నుంచి ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అంటాం. దారులు వేరు, తప్పు చేసే చోటు ఒక్కటే. ఇంగ్లీషు లెక్క వేరు: బస్సు, రైలు, విమానం వంటి నిలబడి నడవగలిగే వాహనాలకు ‘ఆన్’, ‘ఆఫ్’, కారు, టాక్సీ వంటి వంగి కూర్చునే వాటికి ‘ఇన్’, ‘అవుట్ ఆఫ్’. విక్షనరీలో ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’, ‘గెట్ ఇన్’, ‘గెట్ అప్’, ‘గెట్ ఓవర్’ వంటివాటికి వేరే పేజీలున్నాయి. ‘గెట్’ పేజీలో వెతికి దొరకలేదని విసుక్కోకుండా, మొత్తం పదబంధాన్నే వెతుకుపెట్టెలో కొట్టాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

పెళ్లి. తెలుగులో ఎవరు చేసుకున్నా పెళ్లి చేసుకోవడమే, ఇంగ్లీషులో ఎవరికైనా ‘గాట్ మ్యారీడ్’ అనే. లిథువేనియన్‌లో మగవాడైతే వెదే, అంటే అక్షరాలా ‘నడిపించుకెళ్లాడు’. ఆడదైతే ఇష్తెకేయో, ‘బయటికి ప్రవహించింది’. ఇద్దర్నీ కలిపి చెప్పాలంటే సుసితుఓకే. పుట్టింటి గడప దాటడం ఆ క్రియలోనే ఉండిపోయింది. ఇంగ్లీషు నుంచి లిథువేనియన్‌కు అనువదించే ఏ ఫోన్ యాప్‌కైనా ‘ఐ గాట్ మ్యారీడ్’ ఒక పరీక్షే. మాట్లాడేది ఆడో మగో వాక్యంలో లేదు కాబట్టి, ఈ రెండు క్రియల్లో ఏది వాడాలో యాప్ ఊహించాల్సిందే. ఆ ఊహ తప్పితే పెళ్లికూతురు పెళ్లికొడుకులా మాట్లాడినట్టవుతుంది. విక్షనరీ కనీసం ఊహించదు, మాటలు చూపించి ఎంచుకోమంటుంది. ఈ ఒక్క కారణానికే విడి మాటల విషయంలో యాప్‌ల కన్నా దీన్ని నమ్ముతాను.

జుట్టు కత్తిరించుకోవడం దగ్గర తెలుగు గెలుస్తుంది. లిథువేనియన్‌లో అప్సికిర్పౌ అంటే సరిపోతుంది. మధ్యలో ఉన్న ‘సి’ మన ‘కొను’ లాంటిది, నాకోసం అని చెబుతుంది. కానీ కత్తెర పట్టింది నేనా, మంగలా అన్నది ఆ మాటలో లేదు. దాంతో వాళ్లు ఇంగ్లీషులో ‘ఐ కట్ మై హెయిర్’ అనేస్తారు. విన్నవాళ్లకు అద్దం ముందు సొంతంగా కత్తిరించుకున్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషు ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అంటుంది. తెలుగులో ‘కత్తిరించుకున్నాను’ పక్కన ‘కత్తిరింపించుకున్నాను’, ‘చేసుకున్నాను’ పక్కన ‘చేయించుకున్నాను’ ఉన్నాయి. ఆ ‘ఇంచుకొను’ ఎక్కడ వస్తే అక్కడ ఇంగ్లీషులో ‘గెట్’, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత మూడో రూపం, ఇదీ వరుస. వస్తువు మధ్యలో ఉండాలి, చివరికి జరిగితే వాక్యం చెడుతుంది. విక్షనరీలో చేయించడమన్న అర్థం ఉంది, కానీ ఫలానా భాషవాళ్లకు ఇది జారిపోతుందని హెచ్చరించడం నిఘంటువు పని కాదు కాబట్టి, ఆ హెచ్చరిక టీచరే ఇవ్వాలి.

‘గెట్’ తర్వాత నేరుగా మూడో రూపం వస్తే కర్మణి. ‘హీ గాట్ ఫైర్డ్’కి వాళ్లు యీ అత్లెయ్దో అంటారు, అంటే ‘అతన్ని తీసేశారు’. ఎవరు తీసేశారో చెప్పక్కర్లేదు, మన వాక్యంలో లాగే. ఇక్కడ ఎవరికీ పెద్ద ఇబ్బంది రాదు.

‘గెట్’ తర్వాత ‘టు’, ఆపై క్రియ వస్తే అవకాశం దొరకడం. ‘ఐ గాట్ టు సీ హిమ్’ అన్నది మన్ తెకో యీ మతీతి, మనకు ‘నాకు అతన్ని చూసే అవకాశం దొరికింది’. ‘మన్’ అంటే నాకు. లిథువేనియన్ వాక్యంలోనూ మన వాక్యంలోనూ మనిషి కర్త స్థానంలో లేడు, ‘నాకు’గా ఉన్నాడు. ఇంగ్లీషు ఆ మనిషిని లాక్కొచ్చి కర్తను చేస్తుంది. ‘టు’ ముందు ఇంకో మనిషి వస్తే ఒప్పించడం: ‘ఐ గాట్ హిమ్ టు కమ్’, లిథువేనియన్‌లో ఈకల్బేయౌ, మనకు ‘వచ్చేలా చేశాను’. ఇక్కడ ‘టు’ మరిచిపోతే వాక్యం కుంటుతుంది. ‘మేక్’ తర్వాత ‘టు’ రాదు, ‘గెట్’ తర్వాత వస్తుంది.

‘హ్యావ్ గాట్’ దగ్గర పేజీకి నిజంగా మెచ్చుకోలు చెప్పాలి. రూపం చూస్తే పూర్తి అయిన పనిలా, అర్థం చూస్తే ఇప్పుడు నా దగ్గర ఉందని. పేజీ దీన్ని విడి అర్థంగా పెట్టి, వర్తమానార్థమని స్పష్టంగా రాసింది. లిథువేనియన్‌లో దీనికి గవౌ కాదు, తుర్యు. ‘ఐ హ్యావ్ గాట్ టు గో’కి కూడా తుర్యు ఎయ్తి. అంటే కలిగి ఉండడానికీ, తప్పనిసరికీ ఇంగ్లీషులో లాగే ఒకే క్రియ. లిథువేనియన్ వాళ్లకు ఇక్కడ అడ్డే లేదు, మనకే ‘నా దగ్గర ఉంది’, ‘వెళ్లాలి’ అని రెండు దారులు. అమెరికా ఇంగ్లీషులో ఇంకో సన్నని తేడా ఉంది: ‘హ్యావ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ చేతిలో ఉంది, ‘హ్యావ్ గాటెన్ ఎ టికెట్’ అంటే సంపాదించాను. బ్రిటిష్ పుస్తకాలతో చదివినవారికి ఇది పెద్దగా కనబడదు.

ఈ పేజీలో లేని సగాన్ని పూడ్చడానికి పక్కన ఇంకో ఉచిత వనరు పెట్టుకోవాలి: లిథువేనియన్ భాషా మహానిఘంటువు. 20 సంపుటాలు, 1941 నుంచి 2002 దాకా అచ్చయింది, 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది. వివరణంతా లిథువేనియన్‌లోనే, ఉదాహరణలు పుష్కలంగా ఉంటాయి. ఇంగ్లీషు అర్థాలు ఉండవు. అందుకని అది ఒక్కటే చాలదు, విక్షనరీ ఒక్కటే చాలదు. ఉపసర్గ లేని పొడి క్రియను మహానిఘంటువులో వెతికి, సు, ప, పర్, ఈ, ఇష్ చేరినప్పుడు ఏమవుతుందో చూసుకుని, ఆ అర్థాన్ని విక్షనరీ వరుసలో ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవాలి.

విక్షనరీ అర్థాల వరుస వాడుక ఎక్కువ తక్కువలను బట్టి వేసింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. రోజూ వినబడే అర్థాల పక్కనే పిల్లల్ని కనడం వంటి పాత అర్థాలూ, ‘గెట్ యూ’ అని దెప్పిపొడిచే వాడుకా ఉంటాయి. ఎవరైనా సవరించవచ్చు కాబట్టి వరుస మారుతూ ఉండవచ్చు కూడా. కొత్తగా నేర్చుకునేవారు పైనుంచి కిందికి కంఠస్థం చేయాలని చూస్తే విసిగిపోతారు.

అందుకే నేర్పేవారికి నేను చెప్పే క్రమం ఇది. ఒక నోటుపుస్తకం పేజీని ఆరు గళ్లుగా గీయించండి: నామవాచకం, విశేషణం, చోటు, చిన్న మాట (‘ఆన్’, ‘ఆఫ్’ వంటివి), ‘టు’, మూడో రూపం. చదువుతూ ‘గెట్’ కనబడ్డ ప్రతిసారి దాని వెనక మాటను చూసి ఆ వాక్యాన్ని సరైన గడిలో రాయించండి. పక్కన లిథువేనియన్ క్రియ, అది మూడు రూపాల్లో, ఉపసర్గ కింద గీత. గడిలో వాక్యం నిండాకే విక్షనరీ తెరవనివ్వండి, అంతకుముందు వద్దు. విశేషణం గడి అన్నిటికన్నా ముందు నిండిపోతుంది, దానికి విడిగా రెండు పేజీలు వదలండి. నామవాచకం గడిలో గౌతి ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు రాలేదో లెక్కపెట్టిస్తే, ఆ మాటను ఎంత గుడ్డిగా వాడుతున్నారో పిల్లలకే కనబడుతుంది. పట్టికలో ఖాళీ కనబడి, సరైన మాట తెలిసి ఉంటే, పట్టిక కిందనే ఉండే చిన్న పెట్టెలో భాష, మాట నింపి నొక్కండి. తర్వాత వెతికే ఇంకో లిథువేనియన్ పిల్లకు ఆ గడి ఖాళీగా ఉండదు.